పదో గడి

సంక్రాంతి పేరు చెప్పుకుని ఏటా జనవరిలో మా ఊరి తెలుగువాళ్ళం ఎవరో ఒకరింట్లో పాట్‌లక్ పెట్టుకుంటాం. 2018లో ఆ వంతు మాకొచ్చింది. న్యూజెర్సీ చలి, బయట మంచు, లోపల ముప్పై మంది జనం. బేస్‌మెంట్‌లో మగవాళ్ళ పేకాట, మేడ మీద పిల్లల గోల. వంటింట్లో మేము ట్రేల మీద రేకులు విప్పుతుంటే ఒకావిడ అడిగింది.

"మీ పెద్దమ్మాయి జూనియర్ కదండీ, సమ్మర్‌లో ఏం చేస్తోంది?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ," అన్నాను, పులిహోరలో గరిటె వేస్తూ.

ఒక్కసారిగా వంటింట్లో చప్పుడు తగ్గిపోయింది. ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసిందని చెబితే ఎలా చూస్తారో అలా చూశారు నా వైపు. "జనవరి వచ్చేసిందండీ!" అంది ఒకావిడ. "మంచి ప్రోగ్రాములకి గడువు అయిపోయి ఉంటుంది" అంది ఇంకొకావిడ, ఓదార్పుగా. ఆ తరవాత ఎవరి పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారో ఒక్కొక్కరే చెప్పారు. ఒకరు లాబ్‌లో రిసెర్చి. ఒకరు రోబోటిక్స్. ఒక అబ్బాయి క్యాన్సర్ మీద పని చేస్తున్నాడట. అతనికి పదహారేళ్ళు. పోయిన ఏడాది మా లాన్ కోయడానికి వచ్చి, మిషన్ ఎలా స్టార్ట్ చెయ్యాలో తెలియక మా ఆయన్ని పిలిచిన పిల్లాడే.

ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక, గిన్నెలు కడగడం మానేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

*

ఈ గొడవ ఇండియాలో ఉన్న మా వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. మా రోజుల్లో ఎంసెట్ అని ఒకటే పరీక్ష, ఒకటే ర్యాంకు. ఆ ర్యాంకు వచ్చిందా, సీటు వచ్చింది. రాలేదా, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి గుంటూరో విజయవాడో పోవాలి. వేసవిలో నువ్వేం చేశావు అని ఏ కాలేజీవాడూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పడానికి మాత్రం ఏముంది? ఏప్రిల్ 23న బడి మూసేసేవారు. మర్నాడు పొద్దున్నే అమ్మమ్మగారి ఊరు బస్సు ఎక్కేవాళ్ళం. మళ్ళీ జూన్ రెండో వారం దాకా తాటిముంజెలు, మామిడిపళ్ళు, కాలవ గట్టు, అష్టాచెమ్మా, మధ్యాహ్నాలు నులక మంచం మీద నిద్ర. అంతే.

ఇక్కడ అలా కాదు. మార్కులుంటాయి, పరీక్షలుంటాయి, వాటితో పాటు పిల్లలు బడి బయట ఏం చేశారో చెప్పమంటారు. వందలాది కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో అందుకోసం పది గడులుంటాయి. ఒక్కో గడిలో ఏం చేశావో 150 అక్షరాల్లో చెప్పాలి, చుక్కలూ కామాలూ ఖాళీలూ అన్నీ కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అనేది కూడా రాయాలి. వేరుగా 650 మాటలకి మించని వ్యాసం ఒకటి. ఈ పది గడుల కోసమే ఊళ్ళో తల్లిదండ్రులకి నిద్రలుండవు. జూనియర్ అంటే పదకొండో తరగతి. ఆ వేసవి తరవాత అప్లికేషన్లు పెట్టేస్తారు కాబట్టి, ఆ పది వారాల మీదే అందరి కళ్ళూ ఉంటాయి.

వారం రోజుల్లో నాకు చాలా విషయాలు తెలిశాయి. సమ్మర్ ప్రోగ్రాముల్లో రెండు రకాలు. మొదటి రకం డబ్బు అడగదు, ప్రతిభ అడుగుతుంది. 1984 నుంచి నడుస్తున్న రిసెర్చి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిది. ఎం.ఐ.టి.లో ఆరు వారాలు, ఫీజు లేదు. ప్రపంచం మొత్తం మీద వందమందికి అటూ ఇటూగా తీసుకుంటారు. టెల్యురైడ్ అసోసియేషన్ వాళ్ళు సాహిత్యం, చరిత్ర లాంటి వాటి మీద నడిపే సెమినార్లకీ ఫీజు లేదు. మా రాష్ట్రంలో గవర్నర్స్ స్కూళ్ళని ఉన్నాయి. ఒకటి డ్రూ యూనివర్సిటీలో సైన్సుకి, ఒకటి రట్‌గర్స్‌లో ఇంజనీరింగుకి. వాటికి మన హైస్కూలు వాళ్ళే పేర్లు పంపాలి. వీటన్నిటికీ చలికాలంలోనే గడువులు. ఆవిడ అన్నది నిజమే. అప్పటికే కొన్నిటికి ఆలస్యమైపోయింది.

రెండో రకానికి గడువులు ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. పెద్ద పెద్ద యూనివర్సిటీల పేర్లు, నిగనిగలాడే బ్రోషర్లు, రెండు మూడు వారాలకి వేల డాలర్లు. కొన్ని ఆ యూనివర్సిటీలే నడుపుతాయి. కొన్ని, ఎవరో బయటి కంపెనీ వాళ్ళు క్యాంపస్ అద్దెకి తీసుకుని నడుపుతారు. పిల్లలు నాలుగు మంచి విషయాలు నేర్చుకుంటారు, స్నేహితులు దొరుకుతారు, కాదనను. కానీ డబ్బు కట్టి అక్కడ చదివినంత మాత్రాన రేపు అదే కాలేజీలో సీటుకి మొగ్గు ఉండదని చాలా చోట్ల ఆ యూనివర్సిటీలే రాసుకుంటాయి, బ్రోషర్ అడుగున, చిన్న అక్షరాల్లో. ఆ చిన్న అక్షరాలు నేను అప్పుడు చదవలేదు. చదివినా, అది మనకి కాదులే అనుకునేదాన్ని.

ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేశాను. మా పెద్దదాన్ని పిలిచి చూపించాను. అది చివరిదాకా చూసి, "బాగుందమ్మా" అంది. "కానీ నేను ఈ సమ్మర్ అమ్మమ్మ దగ్గరికి వెళ్తా."

"వెళ్ళి?"

"వెళ్ళి... ఉంటా."

"ఉండి ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. ఉంటా, అంతే. అమ్మమ్మ ఒక్కతే ఉంది కదా."

మా నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మకి డెబ్భై నాలుగు. తెనాలికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, మా ఊళ్ళోనే, మా ఇంట్లోనే ఉండేది. హైదరాబాద్‌లో మా అన్నయ్య రమ్మంటే రాదు, ఇక్కడికి వస్తే మూడో నెలకే "నా తులసి కోట ఎండిపోతోందే" అనేది.

నా కళ్ళ ముందు పది గడులు కనిపించాయి. ఆ గడుల్లో రాసే వాక్యాలకి ఒక పద్ధతి ఉందిట. స్థాపించాను, నడిపించాను, సాధించాను అని మొదలెట్టాలిట. "ఉన్నాను" అనే మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు.

*

దారి చూపించింది ఆ వంటింట్లో ఓదార్చినావిడే. "ఇండియా వెళ్ళాలంటోందా? అంతకన్నానా! ఊళ్ళో స్కూల్లో ఒక ప్రాజెక్ట్ చెయ్యమనండి. ఒక పేరు పెట్టండి, ఒక వెబ్‌సైట్ పెట్టండి. పల్లెటూరు, ప్రభుత్వ పాఠశాల, ఇంగ్లీషు, టెక్నాలజీ... ఎస్సే దానంతటదే వచ్చేస్తుంది."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పిల్ల కోరికా తీరుతుంది, గడీ నిండుతుంది. అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య ఎవరికో చేశాడు. జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్‌మాస్టరు గారు తప్పకుండా పంపించమన్నారు. నేను చదివిన బడే అది. పది టాబ్లెట్లు కొని రెండు సూట్‌కేసుల్లో సర్దాను. మామిడిపళ్ళ సంగతి మాత్రం నా చేతిలో లేదు. ఇక్కడ బళ్ళు మూసేది జూన్ ఇరవై దాటాక. మన పిల్లలు అక్కడ దిగేసరికి పళ్ళు అయిపోతాయి, ఆవకాయ జాడీలకి గుడ్డలు కట్టేస్తారు, అక్కడి పిల్లలేమో బడికి వెళ్ళిపోతుంటారు.

జులై మొదటివారంలో వెళ్ళింది. రోజూ పొద్దున నాకు ఆఫీసు హడావిడి, దానికి సాయంత్రం. ఆ టైములో ఫోన్ చేసేదాన్ని. నేను అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఎంతమంది పిల్లలు? ఎన్ని గంటలు చెప్పావు? లాగ్ రాస్తున్నావా? ఫొటోలు తీయించుకున్నావా?

మొదటి రోజు బడి గేటుకి ఫ్లెక్సీ కట్టారుట, దీని ఫొటో వేసి. "అమెరికా నుంచి విచ్చేసిన..." అని. దానికి సిగ్గుతో ఎక్కడ దాక్కోవాలో తెలియలేదుట. నేను మాత్రం ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి పంపమన్నాను.

"అమ్మా, ఇంగ్లీష్ టీచర్ పీరియడ్స్ నాకిచ్చేశారు. ఆవిడ వెనక బెంచీలో కూర్చుంటోంది. వాళ్ళకి ఎగ్జామ్స్ వస్తున్నాయిట. నేను వెళ్ళిపోయాక ఆవిడ సిలబస్ ఎలా కవర్ చేస్తుంది?"

"అవన్నీ వాళ్ళు చూసుకుంటారు. నువ్వు పది రోజులు పూర్తి చెయ్యి."

ఇంకో రోజు, "నైన్త్ క్లాస్ అమ్మాయి ఒకతి, అక్కా మళ్ళీ ఎప్పుడొస్తావు అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు" అంది. నేనేం చెప్పానో గుర్తు లేదు. ఏదో చెప్పే ఉంటాను.

మరొక రోజు జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. నేను కారులో ఉన్నాను, టర్న్‌పైక్ మీద.

"అమ్మా, అమ్మమ్మ టాబ్లెట్లు రెండుసార్లు వేసుకుంటోంది."

"ఏ టాబ్లెట్లు?"

"షుగర్‌వి. నెలకి తెచ్చినవి ఇరవై రోజులకే అయిపోతున్నాయి. నేను కౌంట్ చేశా. పొద్దున వేసుకుని, మర్చిపోయి, మళ్ళీ వేసుకుంటోంది. నిన్న పదకొండింటికి చెమటలు పట్టేసి చేతులు వణికాయి. పంచదార నీళ్ళు ఇచ్చా."

"అయ్యో, అవునా? సరే, నేను మామయ్యతో మాట్లాడతాలే. నువ్వు కంగారుపడకు. అన్నట్టు, బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతున్నట్టు ఒక్క ఫొటో కూడా లేదు. రేపు ఎవరిచేతైనా తీయించుకో."

అటువైపు కాసేపు మాట లేదు. "సరే" అంది.

మామయ్యతో మాట్లాడాను. అన్నయ్య అమ్మకి ఫోన్ చేశాడు. "నాకేమే, బ్రహ్మాండంగా ఉన్నాను. పిల్లది ఊరికే హడలిపోతోంది" అందిట అమ్మ. అక్కడితో మా ఇద్దరి బాధ్యతా తీరిపోయింది.

దానిది తీరలేదు. ఎదురింటి పిన్నిగారిని తోడు తీసుకుని అమ్మమ్మని ఆటోలో తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు గారు మందు మార్చారు. ఇంటికొచ్చి ఒక కాగితం మీద గీతలు గీసింది. ముప్పై ఒక్క వరసలు, మూడు గడులు. పైన లేచే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చందమామ. ఒక్కోదాని కింద మనబడిలో నేర్చుకున్న తెలుగులో పొద్దున, మద్యాహ్నం, రాత్రి అని రాసింది. మాత్ర వేసుకోగానే గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు ఉందంటే ఇక వేసుకోకూడదు. ఆషాఢం రాగానే వాళ్ళమ్మమ్మ రుబ్బి పెట్టిన గోరింటాకు పండిన చేత్తోనే ఆ కాగితాన్ని మందుల పెట్టె పైన గోడకి అంటించి వచ్చింది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు.

*

సెప్టెంబరులో అప్లికేషన్ల పని మొదలైంది. గంటకింత అని తీసుకునే కౌన్సెలర్ ఒకాయన్ని పెట్టుకున్నాం. నేను ముందే రాసిపెట్టిన వాక్యంలో మొదటి మాట "ఫౌండర్".

"పది రోజులు పాఠం చెబితే ఫౌండర్ ఎలా అవుతానమ్మా? ఆ స్కూలు నువ్వు చదివినప్పటినుంచీ ఉంది కదా. నేనేం ఫౌండ్ చేశాను?"

అందరూ అలాగే రాస్తారు అన్నాను. మా ఆయన కూడా నా వైపే మాట్లాడాడు. అది వినలేదు. "ఇంగ్లీషు తరగతిలో సహాయం, ఏడాదికి రెండు వారాలు" అని ఉన్నదున్నట్టు రాసింది. ఆ గడిలో సగం పైగా ఖాళీగా మిగిలింది. నేను మూడు రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు.

కౌన్సెలర్ గారు మాటల్లో దాని చేత ఆ మందుల కాగితం సంగతి చెప్పించారు. ఆ గడుల్లో క్లబ్బులు, ఆటలు, జీతానికి చేసే పని లాంటి రకాలతో పాటు కుటుంబ బాధ్యతలు అనే రకం కూడా ఒకటుందని అప్పుడే నాకు తెలిసింది. ఆయన నాకొక నివేదిక కూడా పంపారు. 2016 జనవరిలో హార్వర్డ్ వాళ్ళ విద్యాశాస్త్ర విభాగం నుంచి వచ్చింది, పేరు "టర్నింగ్ ద టైడ్". చాంతాడంత జాబితాలు అక్కర్లేదని, దూరదేశాలు వెళ్ళి చేసే సేవకే గొప్ప విలువ అనుకోవద్దని, ఇంట్లో తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడం, పెద్దవాళ్ళకి సాయం చెయ్యడం, ఇంటి ఖర్చుల కోసం పని చెయ్యడం లాంటివాటినీ కాలేజీలు గౌరవించాలని అందులో ఉంది. నేను ఎక్సెల్ షీట్ గీయడానికి రెండేళ్ళ ముందే అచ్చయింది.

ఇది చదివిన ఎవరికైనా సిగ్గు వెయ్యాలి. నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. ఆ రాత్రి పదకొండింటికి ఆ కాగితాలు ప్రింట్ తీసుకుని దాని గదిలోకి పరిగెత్తాను. "చూశావా, అమ్మమ్మది కూడా రాయొచ్చుట! ఇంకా మంచిదిట! ఎస్సే కూడా దానిమీదే రాయి. పదో గడి ఖాళీగానే ఉంది కదా!"

అది ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. పదో గడిలో అప్పటికే రాసి ఉంది, 150 అక్షరాలకి కుదించి. బాగా రాసింది. నేను చదవడం పూర్తయ్యాక, ఒక్కొక్క అక్షరం చెరిపేసింది.

"ఎందుకే? నిజమే కదా!"

"నిజమే. కానీ అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దంది. మర్చిపోతోందని తెలిస్తే ఆ ఇంట్లో ఉండనివ్వరని భయం. నీకు కూడా చెప్పొద్దంది." ల్యాప్‌టాప్ మూసేసింది. "నేను ప్రామిస్ చేసి కూడా నీకు చెప్పాను. నువ్వు ఫొటో అడిగావు."

కోపంగా అనలేదు. అదే నా బాధ. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని బయటపడేదాన్ని. ఆ కాగితాలు చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయాను. టర్న్‌పైక్, ఆ ఫోన్, అటువైపు ఆ కాసేపటి నిశ్శబ్దం గుర్తొచ్చాయి. మా అమ్మ గురించి నా కూతురు నాకు ఒక ముఖ్యమైన కబురు చెప్పింది. మా అమ్మ ప్రాణం మీదికి వచ్చే కబురు. నేను విన్నాను, కానీ అది నా చెవిలో పడి నేరుగా ఆ పది గడుల్లో దేంట్లో పడుతుందో వెతుక్కుంది. ఏ గడిలోనూ పట్టకపోయేసరికి జారిపోయింది.

పదో గడి ఖాళీగానే అప్లికేషన్లు వెళ్ళాయి. వ్యాసం మా ఇంటి వెనక చెట్టు మీద రాసింది. 2019 మార్చి నెలాఖరుకి ఫలితాలొచ్చాయి. కోరుకున్న రెండు చోట్లా రాలేదు, ఒకచోట వెయిట్‌లిస్ట్ అన్నారు, రట్‌గర్స్‌లో వచ్చింది. అక్కడే చదివింది, బాగానే చదివింది. ఆ గడి నింపి ఉంటే వేరేగా జరిగేదా? ఇక్కడ సీటు ఎందుకు ఇచ్చారో, ఎందుకు ఇవ్వలేదో ఎవరూ చెప్పరు. మొదట్లో చాలాసార్లు అనుకున్నాను. తరవాత తరవాత అనుకోవడం మానేశాను.

*

2021 ఏప్రిల్‌లో మా అమ్మ నిద్రలోనే పోయింది. ఇండియాలో ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులవి. వెళ్ళలేకపోయాను. ఫోన్‌లోనే చూశాను. మా పెద్దది నా పక్కన కూర్చుని ఫోన్ పట్టుకుంది, నా చేతులు నిలవకపోతే.

2022 జనవరిలో ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. మందుల పెట్టె పైన గోడకి ఆ కాగితం ఉంది. అదే కాదు, దానికింద సొరుగులో ఒక కట్ట ఉంది, దారంతో కట్టి. ఎదురింటి పిన్నిగారు చెప్పారు. పిల్ల వెళ్ళిపోయాక ఆ కాగితం ఎవరో కుర్రాడి చేత తెనాలిలో జెరాక్స్ తీయించుకుందిట, నెలనెలా ఒకటి గోడకి పెట్టుకునేదిట. కొత్తది గీయించమంటే, "వద్దు, ఇది మా మనవరాలి చేతిరాత" అందిట. లెక్కపెట్టాను. ముప్పై మూడు. ప్రతి దానిమీదా లేచే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చందమామ. ప్రతి దానిమీదా "మద్యాహ్నం". ఊరి బడి పిల్లల కాపీలు దిద్ది పెట్టిన మనిషి మా అమ్మ. ఆ ఒత్తు ఒక్కటీ దిద్దలేదు. గడుల్లో వణుకుతున్న టిక్కులు. అక్కడక్కడా ఒకటి తప్పింది, ఎక్కువ కాదు. చివరి టిక్కు ఏప్రిల్ నెలలో ఒక చందమామ కింద ఉంది.

మర్నాడు బడికి కూడా వెళ్ళాను. హెడ్‌మాస్టరు మారారు. కొత్తాయన మర్యాదగా టీ ఇప్పించి, బీరువా తాళం తీయించారు. పది టాబ్లెట్లూ ఉన్నాయి, అట్టపెట్టెల్లోనే. ఛార్జర్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆ బడిని ఏమీ అనను. అడక్కుండా పంపింది నేను, పంపాక మళ్ళీ అడగనిదీ నేనే.

*

మా అబ్బాయికి 2023లో ఆ వేసవి వచ్చింది. నేను పూర్తిగా మారిపోయానని చెబితే అబద్ధం. ఎక్సెల్ షీట్ మళ్ళీ తీశాను, రంగులు కూడా వేశాను. వాడు మాత్రం ఊళ్ళో ఐస్‌క్రీం కొట్టులో పనికి కుదిరాడు. న్యూజెర్సీలో పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి దానికీ వర్కింగ్ పేపర్స్ కావాలి. ఆ ఏడాది జూన్ నుంచి ఆన్‌లైన్లోనే నమోదు పెట్టారు, కాబట్టి నా ప్రమేయం ఒక్క క్లిక్కుతో అయిపోయింది. రాత్రి పదకొండింటికి వాఫుల్ కోన్ల వాసనతో ఇంటికొచ్చేవాడు. ఎవరు ఎన్ని శాంపిల్స్ అడిగి ఏమీ కొనకుండా వెళ్ళారో, పిల్లాడి చేతిలోంచి కోను కింద పడితే మేనేజరుకి చెప్పకుండా ఇంకొకటి ఎలా ఇచ్చాడో చెప్పేవాడు. నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. మధ్యలో ఒకటి రెండుసార్లు "ఇది ఎస్సేకి బాగుంటుంది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ పని వాడి అప్లికేషన్‌లో ఒక గడిలోకి వెళ్ళింది. వెళ్ళాలి కూడా, జీతానికి చేసిన పని దాచుకోవలసినదేం కాదు. ఏది గడిలో పెట్టాలో, ఏది పెట్టకూడదో మాత్రం వాడే చూసుకున్నాడు.

ఈ వ్యాసం రాయబోయే ముందు మా పెద్దదాన్ని అడిగాను, అమ్మమ్మ సంగతి రాయనా అని. కాసేపు ఆలోచించి, "అమ్మమ్మ లేదు కదా ఇప్పుడు, ఆ ఇల్లూ లేదు. పైగా నీకు కాలేజీ సీటు అక్కర్లేదు. రాసుకో" అంది.

మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ముప్పై అయిదు నలభై మధ్య ఉంటుంది. వాళ్ళబ్బాయి పదో తరగతి. "ఆంటీ, మీకు ఇద్దరు పిల్లల అనుభవం ఉంది కదా. సమ్మర్‌కి ఏం చేయిస్తే మంచిది?"

తెలిసినవన్నీ చెప్పాను. డబ్బు తీసుకోని ప్రోగ్రాములు ఏవో, వాటికి ఎప్పుడు అప్లై చెయ్యాలో చెప్పాను. డబ్బు కట్టేవైతే పిల్లాడికి ఇష్టమైతేనే పంపమని, సీటు వస్తుందని పంపొద్దని చెప్పాను. ఎం.ఐ.టి. వాళ్ళ సొంత ఫారంలో పది కాదు, నాలుగే పనులు అడుగుతారని, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్ళు ఇరవై దాకా రాయనిస్తారని, అందరికీ ఒకటే కొలత కాదని చెప్పాను. ఊళ్ళో ఏదైనా పనికి కుదిరితే తక్కువగా చూడొద్దన్నాను. ఆ అమ్మాయి అన్నీ ఫోన్‌లో రాసుకుంది.

చివర్లో ఇంకొకటి చెప్పాను. "పిల్లాడు ఎక్కడున్నా సరే, ఫోన్ చేసినప్పుడు వాడు చెప్పేది చివరిదాకా వినమ్మా. ముందు నువ్వు అడగాల్సింది అడిగెయ్యకు."

"తప్పకుండా ఆంటీ" అంది, నవ్వుతూ. అది మాత్రం రాసుకోలేదు.

ఆ వయసులో నేనైనా రాసుకునేదాన్ని కాదు.